ఖాళీ అని చెప్పింది నేనే

జీపులోంచి అడిగిన ప్రశ్నకి నేనిచ్చిన జవాబు ఒక్కటే మాట. ఆ ఒక్క మాటను వెనక్కి తీసుకోవడానికి నాకు దాదాపు రెండేళ్లు పట్టింది. అప్పటికీ పూర్తిగా తీసుకోలేకపోయాను.

కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లల కోసం ఇది చెబుతున్నాను. మీ చేతుల్లో ట్యాబులున్నాయి, ఆకాశంలోంచి తీసిన ఫొటోలున్నాయి. నేను చేరినప్పుడు ఇనప గొలుసు ఉండేది. దాని ఒక కొస పట్టుకుని ముళ్లలోకీ మురుగులోకీ దిగేవాణ్ని కాబట్టి నన్ను చైన్‌మ్యాన్ అన్నారు. గొలుసు పోయి టేపు వచ్చింది, టేపు పోయి మూడు కాళ్ల యంత్రం వచ్చింది. నా పేరు మాత్రం రిటైరయ్యే దాకా చైన్‌మ్యానే. ఐదో తరగతి చదివినవాడికి అంతకన్నా పెద్ద పేరు ఎవరిస్తారు?

మా ఆఫీసు పని విశాఖపట్నం రాబోయే రోజుల్లో ఎలా పెరగాలో మ్యాపు గీయడం. ఇక్కడ ఇళ్లు రావాలి, ఇక్కడ ఫ్యాక్టరీలు, ఇటునుంచి పెద్ద రోడ్డు పోవాలి, ఇది తోట కావాలి అని ఒక్కోదానికి ఒక్కో రంగు వేస్తారు. వేసినది వేసినట్టు ఉంచరు. కొన్నేళ్లకోసారి దాన్ని తిరగేసి చూస్తారు. ముందు మాలాంటి వాళ్లు వీధి వీధీ తిరిగి ఇప్పుడు ఎక్కడ ఏముందో రాసుకొస్తారు. దాన్నిబట్టి కొత్త ముసాయిదా గీసి జనానికి చూపిస్తారు. అభ్యంతరాలుంటే రాసివ్వమంటారు. అవి విచారించాక మ్యాపు ఖాయం చేస్తారు. చెప్పడానికి ఇంతే. కాని మొదట రాసుకొచ్చినది తప్పైతే ఆ తప్పు మీద ఎంత అందమైన రంగు వేసినా అది తప్పే.

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు సర్వే ఎండాకాలంలో, మే నెలలో పెట్టారు. నేనూ, మా సర్వేయరూ ఒక జీపులో తిరిగేవాళ్లం. ఆయన నాకన్నా చిన్నవాడు, చదువుకున్నవాడు. మాది పద్మనాభం, ఆయనది ఆ పక్క ఊరే. ఇద్దరం ఒకర్నొకరు బావా అనుకునేవాళ్లం. ఎన్నో ఏళ్లు ఒకే క్యారేజీలో తిన్నాం. మనిషి మంచివాడు, పనిమంతుడు. ఒక్క చేపల వాసన పడదు. విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ చేపల వాసన పడకపోవడమేమిటని నేను ఆటపట్టించేవాణ్ని.

ఫిషింగ్ హార్బరు వెనక ఇసక దిబ్బ దగ్గరికి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. జీపు రేకు తాకితే చెయ్యి కాలుతోంది. బావ ముక్కుకి రుమాలు కట్టుకుని, "నువ్వెల్లి సూసొచ్చీ బావా, నాను ఇక్కడుండి రాసుకుంటాను" అన్నాడు. నేను దిగి ఇటునుంచి అటు నడిచాను. ఒక మూల వెదురు బొంగులు పేర్చి ఉన్నాయి. చుట్టచుట్టిన పాత వలలు ఉన్నాయి. రెండు మేకలు, పిల్లలు క్రికెట్ ఆడుకోవడానికి పాతిన మూడు కర్రలు. అంతకుమించి ఏమీ లేదు. కాళ్లు కాలుతుంటే గబగబా తిరిగొచ్చాను.

"ఏటుంది బావా?" అన్నాడు.

"ఖాళీ" అన్నాను.

ఆయన ట్యాబులో ఏదో నొక్కాడు. జీపు కదిలింది. నీళ్ల బాటిల్ నాకిచ్చి మిగిలినవి ఆయన తాగాడు. ఆ రోజు నాకు గుర్తున్నది అంతే. ఆ ఖాళీ అన్న మాట అన్నట్టే గుర్తులేదు. తర్వాత గుర్తు చేసుకోవాల్సి వచ్చింది.

ఆ తర్వాతి చలికాలానికి ముసాయిదా మ్యాపు తయారైంది. మద్దిలపాలెంలో బస్సు డిపోకి కాస్త దూరంలో ఒక హాలు తీసుకుని గోడ నిండా పెట్టారు. నా మోకాలు అప్పటికి మొరాయిస్తోంది. ఫీల్డుకి వద్దని నన్ను ఆ మ్యాపు దగ్గర నిలబెట్టారు. వచ్చినవాళ్లకి వాళ్ల పేట ఎక్కడుందో చూపించడం, రాసిచ్చిన కాగితం మీద ముద్ర కొట్టి పెట్టెలో వేయడం నా పని. వినడానికి సుఖమైన పనే. నిలబడ్డాక తెలిసింది. మనుషులు మ్యాపు ముందుకొస్తే ముందు వెతుక్కునేది తమ ఇంటినే. ఇల్లు దొరికేదాకా ఊపిరాడదు, దొరికాక ఇక ఊరంతా ఏమైపోయినా పట్టదు. స్టీల్ ప్లాంటులో చేసి రిటైరైన ఒక కృష్ణా జిల్లా పెద్దాయన రోజూ వచ్చి, తన కాలనీ వెనక రావలసిన పార్కు ఒక వేలెడు జరిగిందని నాతో వాదించేవాడు. నేను జరిపినట్టే మాట్లాడేవాడు.

ఒకరోజు పదకొండు గంటలప్పుడు ఎండుచేపలు అమ్మే ఆడవాళ్లు నలుగురు వచ్చారు. వాచ్‌మన్ గంపలు లోపలికి రానివ్వలేదు. అందుకని ఒకావిడ బయట గంపల దగ్గర ఉంటే ముగ్గురు లోపలికి వచ్చేవారు, కాసేపటికి మనిషి మారేది. వాళ్లలో పెద్దావిడ అరవై దాటిన మనిషి. నుదుట పెద్ద బొట్టు, చేతుల నిండా ఉప్పు కొరికిన మచ్చలు. మ్యాపు వైపు కాకుండా నా వైపు చూసి అడిగింది.

"తమ్ముడూ, మా దిబ్బ ఇందులో ఎక్కడుంది?"

ఏ దిబ్బ అప్పా అన్నాను, మావైపు అక్కని అలాగే పిలుస్తాం. హార్బరు ఎనకది అంది. నేను పడవలు ఆగే గోడ పట్టుకుని వెనక్కి వచ్చి చూపించాను. చూపించిన నా వేలు అక్కడే ఆగిపోయింది. ఆ చోట ఆకుపచ్చ రంగు, మధ్యలో నల్ల గళ్లు. పక్కన పట్టికలో చూస్తే సందర్శకుల తోట, వాహనాలు నిలిపే స్థలం అని ఉంది. ఇప్పుడేముంది అన్న చోట 'ఖాళీ' అని ఉంది. అప్పుడు జీపూ, ఎండా, మేకలూ, నా నోట్లోంచి వచ్చిన ఆ మాటా అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి.

"ఈ పచ్చరంగేటి?" అంది ఆవిడ.

"సెట్లూ గట్రా అప్పా."

"సెట్లేత్తే మా సేపలెలగ ఎండుతాయి?"

నిజం చెప్పవలసిన క్షణం అదే. నేను చెప్పలేదు. ఇది ఊరికే కాగితం మీద రంగే, మీ దిబ్బ ఎక్కడికీ పోదు, మీరు ఎప్పట్లాగే ఎండబెట్టుకోండి అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. భయపడుతున్న మనిషిని చూస్తే ముందు భయం పోగొట్టాలనిపిస్తుంది. అందులో సగం నా భయం కూడా ఉంది. ఆవిడ నమ్మింది. ఆపీసోడివి, నీకు తెల్దా అంది. పోతూ పోతూ గంపలోంచి పొట్లం నిండా ఎండు నెత్తళ్లు కట్టి, వద్దంటున్నా నా చేతిలో పెట్టింది.

ఆదివారం మా ఇంటావిడ ఆ నెత్తళ్లు వంకాయతో వండింది. ఇంట్లో అందరూ లొట్టలేసుకుంటూ తిన్నారు. నేను ముద్ద కలపడం, ప్లేటు అంచున పెట్టడం చేస్తున్నాను. ఉప్పెక్కువైందా అని అడిగింది. కాదన్నాను. మరేమైందంటే మొత్తం చెప్పేశాను. జీపులో జరిగినదీ, హాలులో నేనన్నదీ. ఆవిడ గిన్నెలు ఎత్తుతూ, "నువ్వు సెప్పింది ఆళ్లకి నీ మాట కాదు. ఆపీసు మాట. ఆపీసే పరవానేదంటే ఇంక అర్జీ ఎందుకెడతారు?" అంది.

అదీ నేను ఆలోచించని సంగతి. అభ్యంతరం రాసివ్వడానికి గడువుంది. ఆ గడువులోగా ఎవరూ ఏమీ రాయకపోతే ఆ పచ్చరంగు అలాగే ఖాయమైపోతుంది. నేను వాళ్లకి ధైర్యం చెప్పానని అనుకున్నాను. నిజానికి వాళ్లని ఇంటికి పంపేశాను.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి వెళ్లాలో తెలిసేది కాదు. మ్యాపు ముందు నిలబడి ఎవరికో సీతమ్మధార చూపిస్తూ నా కళ్లు హార్బరు వైపు పోయేవి. రోజుకి పదిసార్లు గోడమీది క్యాలెండరు చూసేవాణ్ని. నన్ను కుదురుగా ఉండనివ్వని విషయం ఇంకొకటి ఉంది. ఆ మే నెలలోనే మేం పద్మనాభం వైపు కూడా సర్వే చేశాం. వరి కోసేసిన చేలు బీటలు తీసి ఉన్నాయి. గడ్డిపరక లేదు. ఆ రోజు కూడా బావ "ఏటిది, ఖాళీయేనా?" అని అడిగాడు. నేను నవ్వి, ఖాళీ ఏమిటి బావా, వానలు పడితే ఊడుపులే కదా, సాగు భూమి అని రాయి అన్నాను. రాశాడు. రైతు కొడుకుని కాబట్టి బీడులో వరి కనబడింది నాకు. వేసవిలో చేపలు గుడ్లు పెట్టే రెండు నెలలు మరపడవలు సముద్రంలోకి వెళ్లకూడదని, వేట ఆపేస్తారని విశాఖపట్నంలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. పడవలు పోకపోతే చేప రాదు, చేప రాకపోతే దిబ్బ మీద ఎండబెట్టడానికి ఏముంటుంది? మేం వెళ్లినది ఆ రెండు నెలల మధ్యలో. భూమికి పంట కారు ఉంటుందని తెలిసినవాణ్ని సముద్రానికీ కారు ఉంటుందని మర్చిపోయాను.

ముందు బావకి చెప్పాను. డిపో ఎదురుగా టీ కొట్టు దగ్గర. విని, టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"నువ్వెల్లి తప్పు రాసినామని సెప్పినావంటే నాను అయిపోనాను బావా. పోమోషను ఫైలు పైనుంది."

"నీ ఊసెత్తను. ఖాళీ అన్నది నాను. అదే సెప్తాను."

"అన్నది నువ్వు. సంతకమెవులిది?"

"నీదే."

"మరి?"

సముద్రం ఇంత పొడుగుంది, వాళ్లు ఇంకోచోట ఎండబెట్టుకుంటారులే అన్నాడు. ఆయన దుర్మార్గుడు కాదు, ఈ మాట విని అలా అనుకోకండి. పిల్లల చదువులున్నాయి, ఎన్నాళ్ల నుంచో ఎదురుచూస్తున్న మెట్టు అది. ఇంకోచోట అంటే ఎక్కడ అని అడిగాను. పడవ దగ్గర వేలంపాటలో చేప కొన్న ఆడది గంప నెత్తిన పెట్టుకుని నడిచి వెళ్లగలిగినంత దూరంలో దిబ్బ ఉండాలి. లేకపోతే ఎండ ఎక్కేలోపల చేప పాడైపోతుంది. ఆయన లేచి వెళ్లిపోయాడు. టీ పూర్తిగా తాగలేదు.

గడువుకి రెండు రోజులుందనగా తెల్లవారకముందే నేను హార్బరుకి వెళ్లాను. ఐసు దిమ్మలు పగలగొట్టే చప్పుడు, చేపల పాటలో అరుపులు. పెద్దావిడ చిన్నచేపల కుప్ప ముందు నిలబడి వేలం పాడుతోంది. అయ్యేదాకా ఆగాను. అయ్యాక, అప్పా, ఆ రోజు నాను అబద్ధం సెప్పినాను అన్నాను. అంతా చెప్పాను. ఆవిడ కుప్పలోంచి ఒక చేప తీసి, చూసి, మళ్లీ పడేసింది. తర్వాత వెనక్కి తిరిగి గట్టిగానే అంది.

"ఇన్నారటే, ఈ తమ్ముడు మన దిబ్బ ఖాళీ అనీసి రాయించీసినాడట."

నలుగురూ గుమిగూడారు. ఒకావిడ నన్ను పైనుంచి కిందకి చూసి, "కళ్లు జీపులో ఒగ్గీసి దిగినావేటి బాబూ?" అంది. ఎవరో నవ్వారు. నాకూ నవ్వొచ్చినట్టే అయింది గాని నోరు కదల్లేదు. తిట్టినవాళ్లు తిట్టారు. నేను నిలబడ్డాను. తిట్లు అయ్యాక పెద్దావిడ, ఇప్పుడేటి సెయ్యాల, అది సెప్పు అంది.

చేపల పెట్టె ఒకటి బోర్లించి దాని మీద కూర్చుని అర్జీలు రాశాను. వాళ్లలో రాయడం వచ్చినవాళ్లు లేరు, వచ్చిన పిల్లలు అప్పటికే బడికి పోయారు. నా అక్షరాలు మీరు చూడలేదు, చూడకపోవడమే మంచిది. ఒక్కొక్కరికీ ఒక్కో కాగితం. మా ప్లానింగ్ ఆఫీసరు ఆడమనిషి కాబట్టి "అమ్మా, మా దిబ్బ ఖాళీ కాదు" అని మొదలుపెట్టేవాణ్ని. ఆ తర్వాత ఎవరికి తోచింది వాళ్లు చెప్పేవారు. ఒకావిడ వీధి కొళాయి రావట్లేదని రాయమంది. ఇంకొకావిడ రేషన్ కార్డులో కోడలి పేరు ఎక్కించలేదని రాయమంది. ఇది ఆ ఆఫీసు కాదమ్మా అంటే, నువ్వు రాయి, ఆళ్లే పంపుతారు అంది. రాశాను. ఆఫీసు నుంచి నేనే పట్టుకెళ్లిన ఇంకు ప్యాడు మీద వేళ్లు పెట్టి ముద్రలు వేశారు. వేళ్లకి చేపల పొలుసు ఉండడంతో కొన్ని ముద్రల్లో మెరుపులు కూడా అంటుకున్నాయి.

అన్నీ నేనే హాలుకి తెచ్చి, నేనే ముద్ర కొట్టి, నేనే పెట్టెలో వేశాను. ఈ తెలివితక్కువ పని ఎలా బయటపడకుండా ఉంటుందనుకున్నానో నాకే తెలియదు. వారం తిరక్కుండా ప్లానింగ్ ఆఫీసరమ్మ పిలిచింది. చిన్న వయసు, ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడదు. ఆ కాగితాలన్నీ బల్ల మీద పరిచి ఉన్నాయి.

"అన్నీ ఒకే చేతిరాత. 'దిబ్బ' అన్న మాట అందరూ ఒకేలా తప్పు రాశారు. మీరేనా?"

"అవును మేడం."

"మన ఆఫీసులో పనిచేసేవాళ్లు అభ్యంతరాలు రాసిపెట్టకూడదని తెలుసు కదా?"

తెలుసన్నాను. ఎందుకు రాశారంది. చెప్పాను. బావ జీపు దిగలేదన్నది తప్ప మిగిలినదంతా. ఆవిడ కొళాయి అర్జీ చేతిలోకి తీసుకుని చదివింది, పెదవి చివర నవ్వొచ్చి ఆగింది. అభ్యంతరం అభ్యంతరమే, చేతిరాత ఎవరిదైనా వేలిముద్ర వాళ్లది అంది. అభ్యంతరాలు విచారించే కమిటీ దిబ్బ దగ్గరికే వచ్చి చూస్తుంది, మీరూ రండి అంది. లేచి గుమ్మం దాకా వచ్చాక మళ్లీ పిలిచింది.

"అక్కడ మీరు ఏం చెప్పినా రికార్డులో ఎక్కుతుంది. ఆలోచించుకుని రండి."

కమిటీ వస్తుందన్న రోజు రెండుసార్లు వాయిదా పడింది. వాయిదా పడ్డప్పుడల్లా వేట ఆపే రోజుకి ఇంకెన్నాళ్లుందో లెక్కపెట్టేవాణ్ని. ఎండలు ముదురుతున్నాయి. అనుకున్నంతా అయింది. చివరికి కమిటీ వచ్చేసరికి వేట మళ్లీ ఆగిపోయింది.

పడవలన్నీ గోడకి వరసగా కట్టేసి ఉన్నాయి. దిబ్బ మీద పోయిన ఏడు నేను చూసిందే ఉంది. బొంగులు, వలల చుట్టలు, పిల్లల కర్రలు. ఒక్క చేప లేదు. ఆడవాళ్లంతా వచ్చి ఒకపక్కగా నిలబడ్డారు. బావ నా వెనకాల కొంచెం ఎడంగా ఉన్నాడు, ముక్కుకి రుమాలు లేదు. పైనుంచి వచ్చిన పెద్ద ఆఫీసరు దిబ్బంతా చూసి, ఇక్కడ ఏమీ లేదే అన్నాడు.

పెద్దావిడ ముందుకొచ్చింది. "ఇప్పుడు వేటకి బేనండి బాబూ. మా సేపలు సంద్రంలో గుడ్లెడతన్నాయి. అయి ఒచ్చీదాకా మాకూ దిబ్బకీ కూడా పని నేదు."

ఆయన కోపగించుకోలేదు. కాని ఫైలు తిరగేసి, సర్వే రికార్డులో స్పష్టంగా ఖాళీ అని ఉంది, చూస్తే కూడా అలాగే ఉంది, ఏ ఆధారంతో మార్చమంటారు అన్నాడు. పెద్దావిడ నా వైపు చూసింది. మిగిలిన ఆడవాళ్లు చూశారు. ఆఫీసరమ్మ మాత్రం కాగితాల్లోకే చూస్తోంది.

"ఖాళీ అని చెప్పింది నేనేనండి" అన్నాను.

తర్వాత మాట ఆగలేదు. పోయినేడు ఇదే నెలలో వచ్చామని, ఇలాగే ఉందని, అది చూసి అనేశానని చెప్పాను. అదే నెలలో మా పద్మనాభం చేలు ఇంతకన్నా బోసిగా ఉంటే సాగు భూమి అని రాయించానని కూడా చెప్పాను. "అక్కడా ఏమీ లేదండి. మావాళ్ల చేలు కాబట్టి నాకు తెలిసింది. ఇక్కడ నిలబడి ఎవరినీ అడగలేదు. అదిగో, దిబ్బ పక్కనున్న ఆ ఇంటి తలుపు కొట్టినా చెప్పేవారు. కాళ్లు కాలుతున్నాయని వెళ్లిపోయాను."

పెద్ద ఆఫీసరు కళ్లజోడు తీసి, చైన్‌మ్యాన్ చెప్తే రాసేస్తారా, సర్వేయరు చూడలేదా అన్నాడు.

నేను తల దించుకున్నాను. ఆ ఊసెత్తనని మాటిచ్చాను, ఎత్తను. పడవల మీద జెండాలు టపటపలాడుతున్న చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. అప్పుడు వెనకనుంచి బావ గొంతు వచ్చింది.

"నేను జీపు దిగలేదండి."

తిరిగి చూడడానికి నాకు ధైర్యం చాలలేదు.

పెద్ద ఆఫీసరు రాసుకోమని పక్కనున్న గుమస్తాకి సైగ చేశాడు. ఆఫీసరమ్మ అప్పుడు తల ఎత్తి, మీరు ఎండబెట్టేది ఎక్కడినుంచి ఎక్కడిదాకా, చూపించండి అని ఆడవాళ్లని అడిగింది. వాళ్లు నడిచారు. ఆ ఇసకలో చెప్పులు లేకుండా, ఇక్కడ నావి, అక్కడ మా తోటికోడలివి, ఈ రాయి దాకా కవళ్ల చేపలు, ఆ పక్కన రొయ్యపొట్టు అంటూ చుట్టూ నడిచారు. కొలవమన్నారు. యంత్రం తేలేదు, జీపులో పాత టేపు ఉంది. ఒక కొస నేను పట్టుకున్నాను, రెండో కొస బావ పట్టుకున్నాడు. లాగు, వదులు, ఇంకాస్త అని ఎప్పుడూ అనుకునే మాటలు కూడా అనుకోలేదు. ఇద్దరం కలిసి కొలిచిన ఆఖరి చోటు అదే.

ఆయనకి మెమో వచ్చింది. మెట్టు ఒక ఏడాది వెనక్కి పోయింది. నాకూ మెమో వచ్చింది, జవాబు రాసిచ్చాను. ఆ రోజు ఆ మాట ఆయనంతట ఆయన అన్నాడు, నేను అనిపించలేదు. అయినా ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడలేదు. క్యారేజీ వేరైంది. ఎదురుపడితే తల ఊపేవాడు. నా రిటైర్మెంటు రోజు దండ తీసుకుని వచ్చాడని, గేటు దాకా వచ్చి వాచ్‌మన్‌కిచ్చి వెళ్లిపోయాడని తర్వాత తెలిసింది. తప్పు సరిదిద్దుకోవడం గొప్ప పనని మీకు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. దాని ఖర్చు పక్కనున్నవాడి మీద కూడా పడుతుందని చెప్పేవాళ్లు తక్కువ.

మరుసటి ఏడు మొదట్లో ఖాయమైన మ్యాపు అదే హాలులో పెట్టారు. నా ఉద్యోగం ఇంకో నెల ఉంది. దిబ్బకి సముద్రం వైపు సగం 'చేపలు ఎండబెట్టు స్థలం' అని వచ్చింది. రోడ్డు వైపు సగం వాహనాలు నిలపడానికే ఉండిపోయింది. పైన ఎక్కడో ఎవరో ఆ సగాన్ని వదలలేదు. ఆఫీసరమ్మ నాతో, ఇంతకన్నా నా వల్ల కాలేదండి అంది. ఆవిడ ఎంత తిరిగిందో నాకు తెలుసు.

పెద్దావిడ ఈసారి ఒక్కతే వచ్చింది. చూపించాను. చదివి వినిపించాను. మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. పోయిన సగం గురించి కూడా దాచకుండా చెప్పాను. రొయ్యపొట్టు వాళ్లు ఎక్కడికి పోతారని తనలో తనే కాసేపు లెక్క వేసుకుంది.

"ఇది ఇంక మార్చరు గదా?" అంది.

"మారుస్తారప్పా. కొన్నేళ్లకి మళ్లీ సర్వేకొస్తారు."

"అప్పుడు నువ్వుంటావా?"

"ఉండను. వచ్చే నెల ఇంటికే."

"మరి ఆళ్లకెవులు సెప్తారు?"

నువ్వే చెప్పాలి అన్నాను. నానా? నాను సదూకోనేదు అంది. నేను చదివింది మాత్రం ఎంత అప్పా, మ్యాపుకి చదువు అక్కర్లేదు అని, ఆవిడ చెయ్యి పట్టుకుని వేలు మ్యాపులోని పడవల గోడ మీద పెట్టించాను. ఇది గోడ, ఇదిగో ఐసు ఫ్యాక్టరీ, ఇక్కడినుంచి నువ్వు రోజూ గంపతో ఎటు తిరుగుతావో అటే తిప్పు అన్నాను. మొదటిసారి ఆవిడ వేలు నేరుగా సముద్రంలోకి పోయింది. రెండోసారి రైలు పట్టాల మీదకి పోయింది. మూడోసారి కళ్లు మూసుకుంది. పెదవులు కదుపుతూ, నడుస్తున్నట్టే నెమ్మదిగా, ఒక మలుపు, ఇంకో మలుపు తిప్పి ఆపింది.

కళ్లు తెరిచి చూసుకుంది. దిబ్బ మీదే ఉంది.

"ఉండు, మా ఆడోళ్లని కూడా తీసుకొత్తాను" అని బయటికి వెళ్లింది.